నేను ఎద్దునైన యాసంగి

నా జీవితంలో రకరకాల పనులు చేశాను. బడిలో పిల్లలకు ఎక్కాలు చెప్పాను. పంచాయతీ కాగితాలు రాశాను. కొన్నాళ్ళు భుజానికి సంచి తగిలించుకుని ఊరూరా ఉత్తరాలు పంచాను. వీటన్నిటికంటే ముందు, నా ఇరవై రెండో ఏట, పదకొండు రోజుల పాటు ఎద్దుగా పనిచేశాను.

మాటవరసకు అనడం లేదు. మెడ మీద కాడి ఉంది. కాడికి మోకు ఉంది. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా ముందుకు నడిచాను, వెనక్కి నడిచాను. గడ్డి ఒక్కటే తినలేదు. అది కూడా మా అమ్మ మనసు మెత్తనిది కాబట్టి. ఈ ఉద్యోగం నాకు ఎవరూ ఇవ్వలేదు. నేనే పదిమందిలో లేచి నిలబడి, సంతకం పెట్టి మరీ తెచ్చుకున్నాను. ఇది చదివి మీరు నవ్వితే నాకేం అభ్యంతరం లేదు, ఊరు ఊరంతా నవ్వింది, మీరెంత. “పాపం, చదువుకున్నవాడండి” అని మాత్రం అనకండి. నా కొంప ముంచింది ఆ మాటే.

మా రాళ్ళచెల్క కల్వకుర్తికి ఏడు మైళ్ళు. ఎర్రమట్టి, నల్లబండలు, గొర్ల మందలు. వానపడితే జొన్న, ఆముదం. వరి కావాలంటే బావే దిక్కు. మాకు ఒక బావి, దాని కింద రెండెకరాల మడి ఉండేవి. ఆ మడి పండితే ఏడాదంతా తెల్లబువ్వ, పండకపోతే జొన్న గటక. బావిలోంచి నీళ్ళు పైకి రావాలంటే మోట కొట్టాలి.

మోట చూడనివాళ్ళకు చెప్పాలి, లేకపోతే నా ఉద్యోగం మీకు అర్థం కాదు. బావి ఒడ్డు నుంచి కిందికి ఏటవాలుగా ఒక బాట ఉంటుంది. పెద్ద తోలు బొక్కెనను మోకుతో కట్టి, గిరక మీదుగా బావిలోకి వదులుతారు. ఆ మోకు రెండో కొస ఎడ్ల కాడికి. ఎడ్లు బాట వెంట దిగితే బొక్కెన పైకి వచ్చి నీళ్ళు కాలువలో పడతాయి. బొక్కెన మళ్ళీ బావిలోకి దిగాలంటే ఎడ్లు అదే బాట మీద పైకి రావాలి. వాటిని మాటిమాటికి విప్పి తిప్పే తీరిక ఎవరికుంది? అందుకే అవి మొహం తిప్పకుండా వెనక్కి నడుస్తూ ఎక్కుతాయి. కిందికి ముందుకు, పైకి వెనక్కి. ఈ నడక ఎడ్లకు పుట్టుకతో రాదు. మా బాపు మా బాలన్నకు, పుల్లన్నకు రెండేళ్ళు నేర్పాడు. బాపు గొంతెత్తి మోటపాట అందుకుంటే దిగేవి, పాట ఆపి నాలుక చప్పుడు చేస్తే వెనక్కి ఎక్కేవి. నాకు ఎనిమిదో తరగతి దాకా చదువు చెప్పించినవాడు కూడా బాపే. రెండు పనుల్లో ఏది చక్కగా కుదిరిందో మీరే చూస్తారు.

అలా ఉండగా ఒక రోజు జీపు వచ్చింది. జీపులోంచి కరెంటు సూపర్వైజరు దిగాడు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినవాడు, తెల్ల ప్యాంటు, మెత్తటి మాట. బడి ముందర ఊరంతా కూర్చుంది. ఆయన చెప్పింది ఇదీ: మా ఊరికి కరెంటు లైను రావాలంటే పదిమంది రైతులు బావులకు మోటార్లు పెట్టుకుంటామని సంతకాలు చేయాలి. మోటారు నడిపినా నడపకపోయినా నెలనెలా ఇంత అని కట్టాలి. దానికి మినిమం అని పేరు.

పక్క బావి సాయన్న మామ లేచాడు. మామ అంటే మా అమ్మకు వరసకు అన్న. నోరు తెరిస్తే ఎదుటివాడు మూసుకోవాల్సిందే.

“సారూ, నాకొకటి సమజ్ కాలే. నా ఎడ్లకు నేను మేపు పెడ్త, అవి పని చేస్తయి. మీ కరెంటు పని చెయ్యని నాడు గూడ మేపు పెట్టాల్నంటరా?”

“మోటారు మీరు వాడకపోతే అది మీ ఇష్టమండి. లైను మేం వేశాం కదండి. అది రూలండి.”

“అంటే కొట్టంల ఎద్దు లేకున్నా గడ్డి మాత్రం ఎయ్యాలె.”

అందరూ నవ్వారు. ఒక ముసలాయన, “వానొచ్చిన నాడు కరెంటు తడుస్తదా?” అని అడిగాడు. ఇంకొకాయన, “పొలంల గొర్లు తిరుగుతయి, అది కరుస్తదా?” అన్నాడు. సూపర్వైజరు జేబురుమాలుతో మొహం తుడుచుకున్నాడు. ఒక్క చెయ్యి లేవలేదు. ఆయన చుట్టూ చూసి, చూసి, గోడ దగ్గర చొక్కా తొడుక్కుని కూర్చున్న నా మీద చూపు ఆపాడు.

“మీ పేరేంటండి?”

“నర్సిమ్మ సార్. ఎనిమిది పాసైన.”

“నరసింహులు గారూ, మీరు చదువుకున్నవారండి. మీలాంటివారే నలుగురికి చెప్పాలండి.”

పాఠకులారా, ఒక్క నిమిషం ఆగండి. అప్పటిదాకా లోకం నన్ను పిలిచిన పిలుపులు “ఒరేయ్”, “ఏందిరా”, “నర్సిగా”. బడిలో సారు అయితే “ఓ గాడ్దీ” అనేవాడు, అది ఆప్యాయత. పుట్టి ఇరవై రెండేళ్ళకు ఒక తెల్ల ప్యాంటు మనిషి, ఊరందరి ముందర, నన్ను “గారు” అన్నాడు. ఒక్క ఊపిరిలో రెండుసార్లు “అండి” అన్నాడు. నా కాళ్ళు నేలకు ఆనలేదు. ఆ క్షణంలో ఆయన బావికి రైలింజను పెట్టమన్నా సంతకం చేసేవాణ్ణి.

లేచి, గొంతు సవరించుకుని, కాగితం తీసుకుని మొదటి సంతకం గీశాను. బావి మా బాపుది. సంతకం నాది. బాపు అక్కడే కూర్చుని ఉన్నాడు. తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

ఇంటికి వచ్చాక అడిగాడు.

“ఏంరా, మోట ఏం జేసింది నిన్ను?”

“బాపూ, మోట పాతకాలపుదే. మీట ఒత్తితే నీళ్ళు వస్తయి. నువ్వు గట్టుమీద కూసుండుడే.”

“నేను కూసుంటే ఎడ్లేం జేస్తయి?”

 ఈ ప్రశ్నకు జవాబు కూడా సూపర్వైజరే ఇచ్చాడు. నేను వారం రోజులు ఇల్లిల్లూ తిరిగి, “సూపర్వైజరు గారు నాతో స్వయంగా అన్నారు” అని చెప్పి చెప్పి మరో ఆరు సంతకాలు పోగుచేశాను. అవి పట్టుకుని పోతే ఆయన కుర్చీ చూపించాడు. కుర్చీ! “బాగా చేశారండి. స్తంభాలు వచ్చేస్తున్నాయండి. ముందుగా మీ బావి మీద మోటారు బిగించెయ్యండి. మోటారు కనబడితేనే వైరు లాగుతామండి. వారంలో పనైపోతుంది” అన్నాడు. కాగితం తిరిగి నా చేతికిచ్చి, మిగతా మూడు సంతకాల మాట కూడా ఏదో అన్నాడు. నేను కుర్చీలో ఎలా కూర్చోవాలా అన్న ఆలోచనలో ఉండి సరిగ్గా వినలేదు.

స్తంభాలు నిజంగానే వచ్చాయి. మొదటి ఇనుప స్తంభం మా మడి గట్టు మీదే పాతారు. మా అమ్మ దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. సాయన్న మామ తన గట్టు మీద నిలబడి అరిచాడు.

“చెల్లే, బొట్టు పెట్టినవు సరే, బోనమెప్పుడు?”

“వైరొచ్చిన నాడు చేస్త తియ్యే అన్నా.”

స్తంభాన్ని కళ్ళారా చూశాక నాకు ఇక ఆగబుద్ధి కాలేదు. మోటారు కొనాలి. ఇంట్లో అమ్మదగిన వస్తువు ఏముందని చూస్తే కొట్టంలో బాలన్న, పుల్లన్న నెమరు వేస్తూ కనబడ్డారు. మడిలో అప్పుడే యాసంగి వరి నాట్లు పడ్డాయి. వారంలో కరెంటు వస్తుంది. మోటారు ఉన్నాక మోట ఎడ్లకు పనేముంది? ఉత్తగా మేపడం దండగ కదా? చూశారా, నా లెక్కలో ఎక్కడా తప్పు లేదు. అందుకే చెబుతున్నాను, తప్పు లేని లెక్క కనబడితే దూరంగా పారిపొండి.

బాపుకు రెండు పూటలు చెప్పాను. అమ్మ ఏడ్చింది. బాపు మూడో పూట నా మాట మధ్యలో ఆపేశాడు.

“చదువుకున్నోనివి నువ్వు. నాకేం తెలుస్తది. తోల్కపో.”

ఆ మాట నాకు అప్పుడు అనుమతిలా వినిపించింది. ఇవాళ తలుచుకుంటే గుండెలో ముల్లు తిరిగినట్టుంటుంది.

కల్వకుర్తి అంగడికి ఎడ్లను నేనే తోలుకుపోయాను. బాపు ఊరి పొలిమేర దాకా కూడా రాలేదు. కొట్టంలో ఉండే ఒక మాట చెప్పాడు.

“కొనేటోనికి చెప్పు. గివి మోట ఎడ్లు. జారుడు బాట కనబడితే కిందిదాక పోతయి, ఆగుతయి, మల్ల ఎన్కకు ఎక్కుతయి. బండికి కడితే జర పైలమని చెప్పు.”

“చెప్తలే బాపూ.”

చెప్పలేదు. చెబితే బేరం తగ్గుతుందని. కొన్నవాడి పేరు జంగయ్య, బండి కిరాయికి తోలుకునే మనిషి. వాటి మూపురాలు తట్టి, పళ్ళు చూసి, “నడక ఎట్లుంటది?” అని అడిగాడు. “నడక చూస్తే నువ్వే ఆశ్చర్యపోతవు” అన్నాను. అది మాత్రం అబద్ధం కాదు.

మోటారు వచ్చింది. ఆకుపచ్చ రంగు, కొత్తపెళ్ళికూతురు ముఖంలా నిగనిగ. బావి లోపలి గట్టు మీద పలకలు వేసి బిగించాం. మంచు పడుతుందని అమ్మ తన పాత చీర కప్పింది. ఊరంతా వచ్చి చూసింది. నేను పక్కన నిలబడి, అది ఎలా నడుస్తుందో తెలియకుండానే, అందరికీ వివరించాను.

వారం అయింది. వైరు రాలేదు. మడిలో నీళ్ళు ఇంకిపోయాయి. కరెంటాఫీసుకు పరుగెత్తాను.

“నరసింహులు గారూ, పది సంతకాలన్నానండి. మీరు ఏడే తెచ్చారు. ఇంకో మూడు తెచ్చెయ్యండి, మర్నాడే వైరు లాగేస్తాం.”

“వారంల అన్నరు కద సార్?”

“పది ఉంటే వారమేనండి.”

“సార్, ఎడ్లను అమ్మిన.”

ఆయన నిజంగానే బాధపడ్డాడు. మంచివాడు. “అయ్యయ్యో, తొందరపడ్డారండి” అన్నాడు. అప్పుడు కూడా “అండి” మానలేదు.

ఇంటికి వచ్చేసరికి బాపు మడిలో గొంతుకూర్చుని ఉన్నాడు. మట్టి చెయ్యి పెడితే పగుళ్ళలోకి వేలు దూరుతోంది. నాటు ఆకు కొసలు పసుపెక్కాయి. పక్క బావులవాళ్ళ ఎడ్లు ఎవరి మోట మీద వాళ్ళవి, అడిగినా ఇచ్చే రోజులు కావు. బాపు నా వైపు తల తిప్పకుండా అడిగాడు.

“ఏమన్నడు మీ సారు?”

“ఇంకో మూడు సంతకాలు కావాల్నట.”

బాపు లేచాడు. కొట్టంలోకి పోయి కాడి తెచ్చాడు. పెద్ద తోలు బొక్కెన మనుషుల వల్ల కాదని, పాత చిన్న బొక్కెన వెతికి మోకుకు కట్టాడు. కాడి ఎడమ పక్క తన మెడ మీద పెట్టుకుని, కుడి పక్క నాకు చూపించాడు.

“రాండి.”

నేను తప్పు విన్నాననుకున్నాను.

“మిమ్మల్నే. నర్సింలు గారూ. జర ఇటు రాండి. మీరు వలపట, నేను దాపట.”

పుట్టినప్పటి నుంచి “ఒరేయ్” తప్ప మరో మాటతో పిలవని మా బాపు, ఆ రోజు నుంచి నన్ను “మీరు” అన్నాడు. నవ్వుతూ అనలేదు, కోపంగా కూడా అనలేదు. సూపర్వైజరు అన్నంత మర్యాదగా అన్నాడు. పాఠకులారా, తిట్లు నేను చాలా తిన్నాను. అంత దెబ్బ తగిలిన తిట్టు ఇంకొకటి లేదు.

అలా నా ఉద్యోగం మొదలైంది. అమ్మ బావి ఒడ్డున నిలబడి బొక్కెన ఒంపేది. మేమిద్దరం కాడి కింద మెడలు వంచి బాట దిగేవాళ్ళం. దిగడం ఒక పద్ధతి. అసలు నరకం వెనక్కి ఎక్కడంలో ఉంది. ముందు చూపు ముందే ఉంటుంది, అడుగు మాత్రం వెనక్కి వేయాలి. మొదటి రోజు ఏడుసార్లు వెల్లకిలా పడ్డాను. నేను పడితే కాడి వంకర తిరిగి బాపు కూడా పడేవాడు. పడి, లేచి, దుమ్ము దులుపుకుని అనేవాడు.

“జర ఎన్కకు సూడకుండ నడవండి. బాలన్న రెండేండ్లల్ల నేర్సుకున్నడు. మీరు చదువుకున్నోళ్ళు, రెండు దినాలల్ల వస్తది.”

బాపు పాట పాడలేదు. మూడో రోజు నేను బతిమాలాను, “పాడరాదే బాపూ, జర అలుపు తెల్వదు” అని. “ఆ పాట ఎడ్లకు” అన్నాడు.

ఊరంతా మా గట్టు మీదికి రాసాగింది. గొర్లకాపరులు మందలు వదిలేసి వచ్చి, బండల మీద కూర్చుని చూసేవారు. ఆడవాళ్ళు కొందరు నవ్వి, కొందరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయేవారు. మా నెత్తి మీదుగా, వైరు లేని ఇనుప స్తంభం, పసుపు బొట్టుతో నిటారుగా నిలబడి ఉండేది. మోటారు మీది చీర చాటున మా అమ్మ పెంచిన కోడి గూడు పెట్టుకుంది. ఆ యాసంగిలో మోటారు నుంచి మాకు దక్కినవి ఆరు గుడ్లు.

అయిదో రోజున సాయన్న మామ వచ్చాడు. ఎకసెక్కం చేస్తాడని తల వంచుకున్నాను. 

“అల్లుడా, నా సంతకం సంగతేంది?”

అన్ని ప్రశ్నలు వేసినా, నేను పోగుచేసిన ఆరుగురిలో మామ కూడా ఒకరు.

“ఉన్నది మామా. కాగితం నా కాడనే.”

“కొట్టెయ్. కరెంటు పేరు జెప్తెనే బావ ఎద్దయిండు. వైరొస్తే ఇగ ఏమైతడో.”

ఆ సాయంత్రానికి మరో నలుగురు వచ్చారు. అందరిదీ ఒకటే మాట. నేను మూడు సంతకాలు కలపాల్సినవాణ్ణి, అయిదు పోగొట్టుకున్నాను. మిగిలినవి రెండు. ఒకటి నాది. రెండోది ఊళ్ళో లేని మనిషిది, ఆయనకు సంగతి ఇంకా తెలియదు. ఊళ్ళో కరెంటుకు నాకంటే పెద్ద శత్రువు లేడని, కాడి కింద నడుస్తూ నడుస్తూ నాకు అర్థమైంది. నేను నోటితో వారం రోజులు చెప్పింది ఒక ఎత్తు, మెడతో అయిదు రోజులు చెప్పింది ఒక ఎత్తు.

పదకొండో రోజు మధ్యాహ్నం జంగయ్య వచ్చాడు. గట్టు అవతల నుంచే కేకలు.

“ఏడున్నడు గా ఎనిమిది పాసైనోడు? గివి ఎడ్లా, దయ్యాలా? పెండ్లి కుండల కిరాయి, బండి నిండ కుండలు. వాగు దిగుడు కాడ కిందిదాక మంచిగ పోయినయి, ఆగినయి. ఇగ సూడు, ఎన్కకు నడుసుడు! నేను కొడ్తున్న, అవి ఎన్కకే. బండి బోర్ల పడ్డది. ఒక్క కుండ మిగల్లే. పెండ్లోళ్ళు నన్ను తన్నిన్రు. నడక సూస్తె ఆశ్చర్యపోతవన్నవు గదరా, ఏడ రా నువ్వు?”

అప్పుడే నేను, బాపు వెనక్కి నడుస్తూ బాట ఎక్కుతున్నాం. జంగయ్య గట్టు ఎక్కి మమ్మల్ని చూశాడు. చేతిలో కర్ర అలాగే ఉండిపోయింది. కాడి చూశాడు, మోకు చూశాడు, చీర కప్పిన మోటారు చూశాడు. మేం మాత్రం ఆగలేదు, మధ్యలో ఆగితే బొక్కెన లాగేస్తుంది. పూర్తిగా పైకి వచ్చాక బాపు మెడ మీది కాడి దించి, చేతులు జోడించాడు.

“తప్పు మాదే పటేలా. ఎన్కకు నడుస్తయని చెప్పుమన్న. చెప్పలేనట్టున్నడు.”

“నీ కొడుకా?”

“మా సారు.”

జంగయ్య కర్ర కింద పడేసి కూర్చున్నాడు. మొదట నవ్వాడు. తర్వాత నవ్వలేకపోయాడు. “నీ ఎడ్లు నువ్వు తీస్కో, నా పైసలు నాకియ్యని కొట్లాడుదామని వచ్చిన” అన్నాడు. పైసలు ఎక్కడున్నాయో చూపించాను. కోడి వాటి మీద పొదుగుతోంది.

చివరికి ఒప్పందం ఇదీ: పంట చేతికొచ్చేదాకా ఎడ్లు మా దగ్గర, కోత అయ్యాక వడ్లలో సగం జంగయ్యకు కిరాయి కింద. మా ఎడ్లనే మేం కిరాయికి తెచ్చుకున్నాం. సాయంత్రం బాలన్న, పుల్లన్న వచ్చాయి. కాడి కడితే తమంతట తామే మోట బాట మీదికి పోయి నిలబడ్డాయి. బాపు పుల్లన్న గంగడోలు నిమిరి, గొంతెత్తి పాట అందుకున్నాడు. నేను మొహం కడుక్కునే వంకతో కాలువ దగ్గరికి పోయాను. ఏడ్చాను, దాచడమెందుకు.

సగం మడి అప్పటికే ఎండిపోయింది. మిగిలిన సగంలో సగం జంగయ్య బండెక్కింది. మిగిలిందేదో మేం తిన్నాం. కోతలైన మర్నాడు ఎడ్లు కూడా పోయాయి. ఎండాకాలంలో జంగయ్య వాటిని ఎవరికో అమ్మేశాడు. బాపు చాలా వారాలు కల్వకుర్తి అంగడికి పోయి వచ్చేవాడు. ఏం కొనేవాడు కాదు. పుల్లన్న చెవికి ఒక చీలిక ఉంటుంది, ఆ చీలిక కోసం చూసేవాడు. ఆ తర్వాత రెండేళ్ళు మా మడిలో వరి లేదు. వానకు జొన్న వేసుకుని గటక తిన్నాం. రెండేళ్ళూ బాపు నాతో మర్యాదగానే మాట్లాడాడు. “తిన్నరా?” “పడుకున్నరా?” “జర పక్కకు జరుగుండ్రి.” అమ్మ ఎన్నిసార్లు చెప్పినా మానలేదు.

ఆ రెండేళ్ళు గడిచాక కరెంటు వచ్చింది. నా సంతకాల వల్ల కాదు. అవతలి పెద్ద ఊరికి లైను పోవాల్సి వచ్చి, దారిలో మా స్తంభం ఉంది కాబట్టి వచ్చింది. సూపర్వైజరే స్వయంగా వచ్చాడు. “చూశారా నరసింహులు గారూ, మొదటి మోటారు మీదేనండి” అన్నాడు. అమ్మ కోడిని తరిమింది. ఊరంతా చేరింది. నేను ముందుకు పోయి మీట నొక్కాను.

మోటారు గుర్రుమంది. గొట్టంలోంచి మనిషి తొడంత నీళ్ళు దూకాయి. మోట పొద్దంతా పోసే నీళ్ళు, కళ్ళ ముందే, కాలువ గట్లు తెంపుకుని పారుతున్నాయి. జనం ఈలలు వేశారు. సాయన్న మామ నోరు తెరిచి అలాగే నిలబడ్డాడు, జీవితంలో మొదటిసారి ఆ నోట్లోంచి మాట రాలేదు. నేను ఛాతీ విరిచి బాపు వైపు చూశాను. రెండేళ్ళ అవమానం ఆ నీళ్ళతో కొట్టుకుపోయిందనుకున్నాను.

నీళ్ళు సన్నబడ్డాయి. తర్వాత తుంపులు తుంపులుగా పడ్డాయి. తర్వాత గొట్టం గురక పెట్టింది, గాలి వచ్చింది. నేను బావిలోకి తొంగి చూశాను. తాతల నాటి నుంచి ఎవరూ చూడని మా బావి అడుగు బండలు, ఎండకు తళతళ మెరుస్తున్నాయి. ఒక కప్ప ఆశ్చర్యంగా మా వైపు చూస్తోంది. ఊట రాళ్ళ సందుల్లోంచి చెమటలా కారుతోంది, అంతే. మోటారు తోడడానికి అరగంట పట్టింది. మళ్ళీ ఊరడానికి పూట పడుతుందని సూపర్వైజరు కూడా ఒప్పుకున్నాడు.

“మరి అది నడవని సేపు మినిమం సారూ?” అని మామ అడిగాడు. మాట తిరిగి వచ్చేసింది.

“అది రూలండి.”

జనం మెల్లగా చెదిరిపోయారు. బాపు బావి ఒడ్డున కూర్చుని లోపలికి తొంగి చూశాడు. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుని భయపడ్డాను. నవ్వుతున్నాడు. రెండేళ్ళకు నవ్వాడు. నవ్వి నవ్వి, తలపాగా కొసతో కళ్ళు తుడుచుకుని నన్ను పిలిచాడు.

“ఒరేయ్ నర్సిగా.”

“ఆఁ బాపూ.”

“ఎడ్లు ఎన్కకు నడిచిన సేపే గద రా బాయి ఊపిరి తీస్కునేది. నీ మోటరుకు జర ఎన్కకు నడుసుడు నేర్పియ్యి. నీకు వచ్చు గద.”

రెండేళ్ళ పంట పోతే, రెండు ఎడ్లు పోతే, ఒక “ఒరేయ్” తిరిగి వచ్చింది. బేరం గిట్టిందా లేదా అని నన్ను అడగకండి.

ఆ రోజే మడి గట్టు మీది స్తంభం ముందర నిలబడి, సూర్యుడి సాక్షిగా ప్రమాణం చేశాను. చెయ్యేసి ప్రమాణం చేయడమే మర్యాద, కానీ అప్పటికి దానిలో కరెంటు ఉంది కాబట్టి రెండు గజాల దూరం నుంచే చేశాను. ఈ జన్మలో ఎవరు నన్ను “మీరు” అన్నా, “గారు” అన్నా, కుర్చీ చూపించి “చదువుకున్నవారండి” అన్నా, ముందు కొట్టంలోకి పోయి ఎడ్లు ఉన్నాయో లేదో చూసుకుని వచ్చాకే నోరు తెరుస్తాను.

ఆ మాట ఇప్పటికీ తప్పలేదు. తెల్లచొక్కా మనిషి ఎవరైనా వాకిట్లో నిలబడి “ఏవండీ” అంటే చాలు, నేను లేచి కొట్టం వైపు పోతాను. కొట్టంలో అప్పటి నుంచి ఎడ్లు లేవు. అయినా పోయి, ఖాళీ గుంజలు రెండూ చూసి వస్తాను.